వరుస ఇళ్ల వీధిలో రక్షణకు తుపాకీ: ముందు చూడవలసింది గోడలు

సమాధానమంతా మీ ఇంటి రూపం మీదే ఆధారపడి ఉంది కాబట్టి, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఒడిశాలోని పర్లాకిమిడి పాత వీధిలో, రెండు పక్కలా గోడలు కలిసిన ఇంట్లో మీరు ఉంటున్నారు. వీధి గదిలో బంగారు పని, వెనక కాపురం. ఇంట్లో మీ తల్లిగారు, భార్య, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, మేడ మీద అద్దెకున్నవారు. పెరటి గోడను ఆనుకుని పొరుగువారి రేకుల షెడ్డు ఉంది, అందులో రాత్రిపూట పనివాళ్లు పడుకుంటారు. వీధిలో దొంగతనాలు జరిగిన తరువాత మీరు లైసెన్సుకు దరఖాస్తు చేయాలనుకుంటున్నారు. మీ బావగారు .32 పిస్టల్ మంచిదంటున్నారు, మిత్రులొకరు .315 రైఫిల్ అంటున్నారు, మీరు చూసిన అమెరికా వీడియోలు మరొకటి చెబుతున్నాయి. దొంగను ఆపబోయి పక్కింటివాళ్ల ప్రాణం తీసే పరిస్థితి రాకూడదని, దానికి తగిన ఆయుధం ఏదో చెప్పమని అడిగారు.

లైసెన్సు తీసుకోవాలనే నిశ్చయానికి వచ్చేసి ఉంటే, 12 బోరు జోడు గొట్టాల తుపాకీ, అంటే అందరూ డీబీబీఎల్ అని పిలిచేదాన్ని, చిన్న పెల్లెట్ల, అంటే సీసపు గుండ్ల, కార్ట్రిడ్జీలతో తీసుకోండి. .315 రైఫిల్‌ను ఆ వీధిలోకి తీసుకురావద్దు. .32 రివాల్వర్‌ను గానీ పిస్టల్‌ను గానీ మీ ఇంటికి నేను సిఫారసు చేయను. పోలీసు ఆయుధాగారంలోనూ, ఆ తరువాత ఫైరింగ్ రేంజిలో తర్ఫీదు ఇచ్చే పనిలోనూ చాలాకాలం గడిపిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. అయితే ఏ తుపాకీ కొనాలో తేల్చుకునే ముందు, మీ ఇంట్లో పేలిన తూటా ఎక్కడ ఆగుతుందో తేల్చుకోవాలి. కొన్నాక ఆలోచిద్దామనుకునేవారే ఎక్కువగా కనిపిస్తారు, నాకు బాధ కలిగించేది కూడా అదే.

అమెరికా వీడియోలను ముందుగా పక్కన పెట్టేద్దాం. అక్కడ చాలా ఇళ్లలో లోపలి గోడలంటే చెక్క చట్రానికి రెండు వైపులా బిగించిన జిప్సం పలకలు. వాటిలోంచి దాదాపు ప్రతి తూటా దూసుకుపోతుంది కాబట్టి వారి చర్చంతా ఏది తక్కువ గోడలు దాటుతుందన్న దాని చుట్టూ తిరుగుతుంది. పైగా వారు చెప్పే 9 ఎంఎం పిస్టళ్లు, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు మన దేశంలో నిషిద్ధ బోరు (మామూలు పౌరుడికి ఇవ్వని గొట్టపు కొలత), నిషిద్ధ ఆయుధాల కిందికి వస్తాయి. మామూలు పౌరుడికి దొరికేవి 12 బోరు తుపాకులు, .32 రివాల్వర్లు, పిస్టళ్లు, .22, .315 రైఫిళ్లు, మరి కొన్ని మాత్రమే.

ఇక మీ ఇల్లు. మన ప్రాంతపు పాత వరుస ఇళ్లు వీధి నుంచి పెరటి దాకా రైలు పెట్టెలా సన్నగా, పొడవుగా ఉంటాయి. వీధి తలుపు, సావిడి తలుపు, నట్టింటి తలుపు, వంటింటి తలుపు, పెరటి తలుపు ఒకే గీత మీద ఉంటాయి. గాలి కోసం అలా కట్టారు. మీ ఇల్లు కూడా అలాంటిదే అయితే, నట్టింట్లో నిలబడి వీధి వైపు పేల్చిన తూటాకు అడ్డు వచ్చేవి చెక్క తలుపులే, అవి కూడా మూసి ఉంటేనే. ఆ తలుపుల అవతల వీధి, వీధికి అవతల ఎదురింటి అరుగు, ఎండాకాలంలో ఆ అరుగు మీద మంచం వేసుకుని పడుకునే మనిషి. పెరటి వైపు పేలిస్తే వంటింటి ఆస్బెస్టాస్ రేకు, దాని వెనక మీరు చెప్పిన షెడ్డు రేకు. ఆ రెండూ తూటాను ఆపే వస్తువులు కావు. కాబట్టి మీ ఇంట్లో అతి ప్రమాదకరమైన దిశ ముందూ వెనకా సాగే ఈ పొడవు గీత. దొంగ వచ్చేది కూడా ఎక్కువగా ఈ గీత మీదుగానే. మీ ఎంపిక కష్టమవుతున్నది ఇందుకే.

పక్క గోడల సంగతి వేరు. పాత ఇళ్లలో ఉమ్మడి గోడ తరచు చాలా మందంగా, సున్నంతోనో మట్టితోనో కట్టి ఉంటుంది. తరువాత కట్టిన భాగాల్లో తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఉంటుంది, గదుల మధ్య అడ్డుగోడ నాలుగున్నర అంగుళాలే ఉండవచ్చు. టేపు తీసుకుని ప్రతి ద్వారబంధం దగ్గర గోడ మందం కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. కొలిచేటప్పుడు గూళ్లను మరచిపోవద్దు. గోడలో దీపం పెట్టుకునే గూడు, పుస్తకాలు పెట్టుకునే గూడు ఉన్నచోట గోడ సగానికి సగం తగ్గిపోతుంది. అవతలి ఇంటివారికి కూడా అదే చోట గూడు ఉంటే మధ్యలో ఒక్క ఇటుక మందమే మిగలవచ్చు, కొన్ని ఇళ్లలో పలక మాత్రమే మిగిలిన సందర్భాలు కూడా చూశాను. చేత్తో తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. అటువంటి చోటును కాగితం మీద ఎర్రగా గుర్తుపెట్టుకోండి, గాలి కిటికీలను కూడా.

మేడ మీద అద్దెకున్నవారి విషయానికి వస్తే, మధ్యలో ఉన్నది కాంక్రీటు శ్లాబయితే కొంత ధైర్యంగా ఉండవచ్చు. పాత దూలాలు, చెక్క పలకల మీద వేసిన మిద్దె అయితే పై వైపు తుపాకీ గొట్టం ఎత్తడమన్నది ఏ పరిస్థితిలోనూ జరగకూడదు. భయపెట్టడానికి గాలిలోకి పేల్చడం అన్న ఆలోచన ఇక్కడితో పోవాలి, మేడ లేని ఇంట్లో కూడా. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట కిందికి దిగుతుంది. నేల సంగతి కూడా చెప్పాలి. సిమెంటు గచ్చుకో బండలకో ఏటవాలుగా తగిలిన తూటా, పెల్లెట్లు చాలావరకు ఎగిరి పైకి పోవు, నేలను ఆనుకున్నట్టుగా తక్కువ ఎత్తులో ముందుకు జారిపోతాయి. నేల మీద పరుపు వేసుకుని పడుకునే పిల్లలున్న ఇంట్లో కాళ్ల దగ్గర పేల్చి బెదిరిద్దామన్న ఆలోచన కూడా అంతే ప్రమాదకరం.

ఈ కాగితం చేతిలో పెట్టుకుని ఇప్పుడు ఆయుధాలను చూద్దాం.

.315 రైఫిల్ గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఇషాపూర్ కర్మాగారం పేరు మీద మన దేశంలో అందరికీ తెలిసిన ఆయుధమది, మన్నికైనది, అడవి అంచు పల్లెల్లో దానికి గౌరవం ఉంది. దాని బరువైన తూటా తలుపులను, రేకులను, నాలుగున్నర అంగుళాల అడ్డుగోడను లెక్కచేయదు. తొమ్మిది అంగుళాల గోడ మొదటి దెబ్బకు నిలబడవచ్చు, అదే చోట రెండో దెబ్బ తగిలితే నిలబడుతుందని నేను హామీ ఇవ్వలేను. ఖాళీ దారి దొరికితే రెండు కిలోమీటర్లు దాటి కూడా అది మనిషిని చంపగలదు. మీ వీధి గదిలోంచి రెండు కిలోమీటర్ల మేర ఎన్ని ఇళ్లున్నాయో మీకే తెలుసు.

.32 మీద మీ బావగారికున్న మోజు నాకు అర్థమవుతుంది. చిన్నది, బీరువాలో పడుతుంది, ఒంటి చేత్తో పట్టుకోవచ్చు, దాని తూటా బలం కూడా మిగతావాటితో పోలిస్తే తక్కువే. కాగితం మీద చూస్తే పక్కవారికి ప్రమాదం తక్కువనిపిస్తుంది. అయితే పక్కవారిని చంపేది చాలావరకు గురి తప్పిన తూటా. పొట్టి గొట్టం, చిన్న పిడి, గట్టి ట్రిగ్గరు ఉన్న ఆయుధాన్ని నిద్రలోంచి లేచి, చీకట్లో, గుండె దడతో గురిపెట్టడం ఎంత కష్టమో రేంజిలో ఏటేటా చూసినవాళ్లకు తెలుసు. న్యూయార్క్ పోలీసుల కాల్పులపై రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఎదురుకాల్పులు జరిగిన సందర్భాల్లో వారి తూటాల్లో సగటున 18 శాతమే ఉద్దేశించిన మనిషికి తగిలాయి. ఎదుటివాడు కాల్చని సందర్భాల్లో కూడా అది 30 శాతమే. వారు జీతం తీసుకుని తర్ఫీదు పొందినవారు. 2012 ఆగస్టు 24న అదే నగరంలో ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఒక హంతకుడిపై ఇద్దరు పోలీసులు 16 తూటాలు పేల్చినప్పుడు దారిన పోయే తొమ్మిది మంది గాయపడ్డారు, ఆ గాయాలన్నీ పోలీసుల తూటాలవల్ల, వాటి ముక్కలవల్ల తగిలినవే. ఏడాదికి ఒకటి రెండుసార్లు కూడా రేంజికి వెళ్లే వీలులేని మామూలు గృహస్థు అంతకన్నా బాగా గురి కొడతాడని నేననుకోను. మరో కారణం, చిన్న ఆయుధం ఇంట్లో తేలిగ్గా చోటు మారుతుంది. ఒకరోజు బీరువాలో, ఒకరోజు గల్లాపెట్టెలో, ఒకరోజు తలగడ కింద. పిల్లలున్న ఇంట్లో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే.

12 బోరు తుపాకీని నేను ముందు పెట్టడానికి మొదటి కారణం దాని పొడవు. భుజానికి ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, చెంప ఆనించి చూసే ఆయుధం కొత్తవాడి చేతిలో కూడా చిన్న ఆయుధంకన్నా నిలకడగా ఉంటుంది. పొడవైనది కాబట్టి దానికి ఒక స్థిరమైన స్థలం, తాళం ఉన్న పెట్టె తప్పనిసరి అవుతాయి. రెండో కారణం, అందులో రెండే కార్ట్రిడ్జీలు పడతాయి. ఎక్కువ తూటాలు పట్టే పంప్ యాక్షన్ (ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగి నింపే తుపాకీ) తీసుకోమని మీకు సలహా ఇచ్చేవారుంటారు. గోడలు కలిసిన వీధిలో ప్రతి అదనపు పేలుడూ పక్కవారి మీద పడే అదనపు ప్రమాదమే. పైగా జోడు గొట్టాల తుపాకీని విరిచి, అంటే మడత దగ్గర గొట్టాలను కిందికి వంచి తెరిచి చూస్తే అది నిండుగా ఉందో ఖాళీగా ఉందో చీకట్లో వేలితో తడిమి కూడా తెలుసుకోవచ్చు. ఇంటిల్లిపాదికీ ఇది పెద్ద రక్షణ. చట్టపరంగా కూడా మీకిది కొంత తేలిక దారి: 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షను, రక్షణ కోసం అడిగే పౌరుడికి ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నునుపు గొట్టపు తుపాకీని ప్రత్యేకంగా పేర్కొంటుంది.

మూడో కారణం కార్ట్రిడ్జీ. ఒకే తుపాకీలో ఏ పెల్లెట్లు వేస్తామన్న దాన్ని బట్టి అది పూర్తిగా వేరే ఆయుధమైపోతుంది. మన దేశంలో దొరికే కార్ట్రిడ్జీలను పెల్లెట్టు సైజు పేరుతో పిలుస్తారు: ఎల్‌జీ పెల్లెట్టు సుమారు 9 మిల్లీమీటర్లు, ఎస్‌జీ సుమారు 8.4, బీబీ సుమారు 4, నాలుగో నంబరు సుమారు 3, ఆరో నంబరు సుమారు 2.6 మిల్లీమీటర్లు. పెల్లెట్టు ఎంత చిన్నదైతే అంత త్వరగా గాలిలో వేగం కోల్పోతుంది. తుపాకీ వాళ్లు వాడే పాత మోటు లెక్క ఒకటుంది, దాని ప్రకారం పైకెత్తి పేల్చినప్పుడు ఎస్‌జీ పెల్లెట్లు 650 మీటర్ల దాకా పోగలవు, బీబీ 320 దాకా, నాలుగో నంబరు 240 దాకా, ఆరో నంబరు 200 దాకా. ఆ చివరి దూరాల్లో చిన్న పెల్లెట్టుకు మనిషిని చంపే బలం దాదాపు మిగలదు, కన్ను పోగొట్టే బలం మాత్రం చాలా దూరం వరకు ఉంటుంది. ఎస్‌జీ, ఎల్‌జీ అలా కావు, ఒక్కొక్క పెల్లెట్టు చిన్న పిస్టల్ తూటాతో సమానం. ఒక్క పేలుడుకు అవి అరడజనుకు పైగా బయలుదేరుతాయి, వాటిలో దొంగకు తగలని ప్రతి ఒక్కటీ ఎదురింటివారి కిటికీ వైపు పోతుంది. ఒకే తూటాగా పోయే స్లగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మీకు నాలుగో నంబరు సరిపోతుంది. పెరటి షెడ్డువారు మంచాలు పక్కకు జరుపుకోవడానికి ఒప్పుకుంటే బీబీ దాకా వెళ్లవచ్చు, అంతకు మించి వద్దు.

ఇందులో నష్టమూ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. చిన్న పెల్లెట్లు శరీరంలోకి లోతుగా పోవు. 1986లో మయామిలో జరిగిన కాల్పుల తరువాత అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పెట్టుకున్న ప్రమాణం ప్రకారం నమ్మదగిన తూటా, శరీరానికి బదులుగా వాడే ప్రయోగశాల జెల్లీలో కనీసం 12 అంగుళాలు చొచ్చుకుపోవాలి. నాలుగో నంబరు, ఆరో నంబరు పెల్లెట్లు ఆ ప్రమాణాన్ని అందుకోలేవు. అందుకే అక్కడివారు వాటిని పిట్టల తూటాలని తీసిపారేస్తారు. మీ ఇంట్లో దూరం నాలుగైదు మీటర్లు దాటదు. ఆ దూరంలో పెల్లెట్లు విడిపోక ముందే ముద్దగా తగిలి ఘోరమైన గాయం చేస్తాయి, ప్రాణం కూడా తీస్తాయి. మందపాటి బట్టలు వేసుకున్నవాడినో, గది అవతలి చివర ఉన్నవాడినో ఒక్క దెబ్బతో ఆపకపోవచ్చు. ఈ లోటును అంగీకరించి పక్కవారి భద్రతను కొనుక్కుంటున్నామని తెలుసుకుని ఎంచుకోండి.

అలా ముద్దగా పోతాయన్న మాటను మరో రకంగా కూడా గుర్తుపెట్టుకోవాలి. పెల్లెట్ల తుపాకీకి గురి అక్కర్లేదు, అటువైపు తిప్పి పేలిస్తే గదంతా నిండిపోతుందన్న నమ్మకం మన పల్లెల్లో చాలా బలంగా ఉంది. చివర బిగింపు (చోక్) లేని గొట్టంలోంచి వచ్చిన పెల్లెట్లు సుమారుగా గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయి. అంటే నాలుగు మీటర్ల దగ్గర ఆ ఆవరణ సుమారు నాలుగున్నర అంగుళాలే. గురి తప్పితే ఆ ముద్ద మొత్తం తప్పుతుంది, తలుపు చెక్కలో పిడికిలంత రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది. ఇటుక గోడకు తగిలితే మాత్రం పెచ్చులూడగొట్టి అక్కడే ఆగిపోతుంది. మీరు గీసుకున్న కాగితం ఇక్కడ అక్కరకొస్తుంది. పొడవు గీత మీద నిలబడకుండా, నట్టింట్లో ఒక పక్క మూల నుంచి ఎదుటి పక్క గోడ వైపు, గూళ్లు లేని మందపాటి చోటు వెనక ఉండేలా స్థలం చూసుకోండి. లోపలికి వచ్చినవాడు ఆ మూలకు ఎదురుగా, ఆ గోడ ముందు నిలబడినప్పుడు మాత్రమే పేల్చడానికి వీలుంటుంది. అతను తలుపుల గీత మీద ఉన్నంతసేపు వీలు లేదు. ఈ నియమానికి మినహాయింపు లేదని ముందే మనసులో ఖాయం చేసుకోండి, ఆ క్షణంలో ఆలోచించే తీరిక ఉండదు.

నాటు తుపాకీ చౌకగా దొరుకుతుందని ఎవరైనా చెవిలో వేస్తే వినవద్దు. లైసెన్సు లేని ఆయుధం నేరమన్నది ఒకటి, పైపు గొట్టంతో చేసినది పేల్చినవాడి ముఖం దగ్గరే పగలవచ్చన్నది మరొకటి.

పక్కవారు అనగానే మనకు పొరుగిల్లు గుర్తుకొస్తుంది. లెక్క వేస్తే మీ తుపాకీకి అందరికన్నా దగ్గరగా ఉండే పక్కవారు మీ ఇంట్లోవాళ్లే. రాత్రి పెరటి మరుగుదొడ్డికి లేచే మీ తల్లిగారు, నీళ్లు తాగడానికి వచ్చే పిల్లవాడు, ఆలస్యంగా వచ్చి మెట్లెక్కే అద్దెవారు. 2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పరుగుల క్రీడాకారుడు ఆస్కార్ పిస్టోరియస్ మూసి ఉన్న మరుగుదొడ్డి తలుపులోంచి నాలుగుసార్లు కాల్చాడు. లోపల ఉన్నది అతని స్నేహితురాలు రీవా స్టీన్‌క్యాంప్, ఆమె చనిపోయింది. లోపల దొంగ ఉన్నాడనుకున్నానని అతను వాదించాడు. 2015లో అప్పీలు కోర్టు దాన్ని హత్యగానే నిర్ధారించింది. తలుపు వెనక ఉన్న శబ్దం మీద ఎప్పుడూ పేల్చకూడదు. ముఖం కనిపించాలి, చేతులు కనిపించాలి. అందుకని తుపాకీతోపాటు మంచి టార్చిలైటు, నట్టింట్లో మంచం దగ్గరే ఒక స్విచ్చి తప్పనిసరి. టార్చిని తుపాకీకి బిగించకుండా విడిగా ఉంచండి. బిగిస్తే, ఎవరో చూడాలనుకున్న ప్రతిసారీ మీరు మీ తల్లిగారి మీదికి గొట్టం తిప్పవలసి వస్తుంది.

జెఫ్ కూపర్ అనే అమెరికా శిక్షకుడు ప్రచారంలోకి తెచ్చిన నాలుగు నియమాలు ప్రపంచమంతా నేర్పుతారు. ప్రతి తుపాకీ నిండుగా ఉన్నట్టే భావించడం, నాశనం కాకూడని దేనివైపూ గొట్టం తిప్పకపోవడం, గురి కుదిరేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకపోవడం, లక్ష్యాన్నీ దాని వెనక ఉన్నదాన్నీ తెలుసుకోవడం. మీ ప్రశ్నంతా ఆ నాలుగోదాని మీదే ఉంది, కానీ ఇళ్లలో జరిగే ప్రమాదాలు ఎక్కువగా మొదటిదాన్ని మరచినవారి చేతుల్లో జరుగుతాయి, అదీ శుభ్రం చేసేటప్పుడు, చుట్టాలకు చూపించేటప్పుడు.

ఇంట్లో తుపాకీ ఖాళీగా, విరిచి, గోడకు బోల్టులతో బిగించిన ఇనుప పెట్టెలో ఉండాలి. కార్ట్రిడ్జీలు వేరే తాళం కింద ఉండాలి. రెండు తాళంచెవులూ మీ ఒంటి మీదో మీ భార్య దగ్గరో ఉండాలి, దేవుడి గూట్లోనో ఉప్పు డబ్బా వెనకో ఉండకూడదు. పిల్లలకు ఇంట్లో దాచే చోట్లన్నీ తెలుసు. అంత చేస్తే అవసరానికి అందదు కదా అని మీరంటారు. నిజమే, కొంత ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని తలుపులు తీర్చాలి. వీధి గదికీ కాపురానికీ మధ్య ఇనుప గ్రిల్ గేటు, పెరటి తలుపుకు లోపలి నుంచి అడ్డగడియ, రెండు వైపులా రాత్రంతా వెలిగే దీపం ఉంటే, వచ్చినవాడికి లోపలికి రావడానికి నిమిషాలు పడుతుంది, శబ్దం కూడా అవుతుంది. ఆ నిమిషాల్లో మీరు 112కి ఫోన్ చేసి, అందరినీ ఒకే గదిలోకి చేర్చి, పెట్టె తెరవవచ్చు. అందరూ ఒకే గదిలో ఉన్నారని లెక్కపెట్టుకున్నాకే కార్ట్రిడ్జీ చేతిలోకి తీసుకోవాలి. మేడమీదివారికి కూడా శబ్దం వస్తే కిందికి దిగవద్దని ముందే చెప్పి ఉంచండి. పెళ్లిళ్ల రోజుల్లో వచ్చే ఆర్డర్ల బంగారాన్ని రాత్రి ఇంట్లో ఉంచకుండా బ్యాంకు లాకరులో పెట్టగలిగితే సమస్యలో సగం అక్కడే తీరుతుంది.

చట్టం గురించి మీకు తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. దోపిడీ, సూర్యాస్తమయం తరువాత సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి చొరబడటం వంటి సందర్భాల్లో ఆ హక్కు ప్రాణం తీసేదాకా విస్తరించవచ్చని 41వ సెక్షను చెబుతుంది. అయితే రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయకూడదని, ప్రభుత్వాధికారుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదని 37వ సెక్షను కట్టడి చేస్తుంది. గోడ దూకి పారిపోతున్నవాడి వీపు మీద పేలిస్తే మీకు ఏ సెక్షనూ అండగా నిలవదనే అనుకోండి. పక్కవారి గురించి 44వ సెక్షను నేరుగా మాట్లాడుతుంది. ప్రాణభయం కలిగించే దాడి జరిగినప్పుడు, అమాయకుడికి హాని కలిగే ప్రమాదం తీసుకోకుండా తనను కాపాడుకునే దారే లేకపోతే, ఆ ప్రమాదం తీసుకునేదాకా హక్కు ఉంటుందని అది చెబుతుంది. చంపడానికి వచ్చిన గుంపులో పిల్లలు కలిసి ఉన్న సందర్భాన్ని అక్కడ ఉదాహరణగా ఇచ్చారు. నగల సంచి పట్టుకుని పరుగెత్తేవాడి కోసం ఎదురింటి మనిషిని ప్రమాదంలో పెట్టడానికి అది అనుమతి కాదు. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే 106వ సెక్షను కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

సరిహద్దు ఊరివాళ్లు కాబట్టి మరొక మాట. లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఒడిశాకే పరిమితమైన లైసెన్సుతో తుపాకీని ఆంధ్రలోని పాతపట్నం చుట్టాలింటికి తీసుకువెళ్లినా అది నేరమే, అక్కడికి ఎంత దగ్గరైనా సరే. ఊరు వెళ్లేటప్పుడు దాన్ని బావగారింట్లో దాచిపెట్టడం అసలు కుదరదు. థానాలోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ జమ చేసి రసీదు తీసుకోండి. ఎన్నికలప్పుడు జమ చేయమని ఆదేశం వస్తే మొదటి రోజే ఇచ్చేయండి. పెళ్లి ఊరేగింపులో పేల్చమని ఎంత దగ్గరివారు అడిగినా ఒప్పుకోవద్దు. 2019 సవరణ తరువాత వేడుకల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా కాల్చడం రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా తీసుకువెళ్లే నేరం. మహేంద్రగిరి వైపు నుంచి ఎలుగుబంట్లు తోటల్లోకి వస్తున్నాయి కదా, తుపాకీ దానికీ పనికొస్తుందనుకుంటారేమో. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప అడవి జంతువును కాల్చడానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

దరఖాస్తు పెట్టే ముందు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. పెరటి షెడ్డు యజమానితో మాట్లాడి, పనివాళ్ల మంచాలు మీ వంటింటి తలుపుకు ఎదురుగా లేకుండా పక్కకు వేయించండి. తుపాకీ కొంటున్నానని చెప్పకపోయినా, దొంగల భయం పేరు చెప్పి అడగవచ్చు. ఎటూ 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం శిక్షణ పొందిన ధ్రువపత్రం అవసరం. దాన్ని కాగితం కోసం చేసే తంతుగా తీసుకోకుండా, ఇంట్లో తాళంచెవి ఉండే మీ భార్యను కూడా తుపాకీ విరిచి ఖాళీ చేయడం నేర్చుకునేందుకు ఎవరైనా బాధ్యతగల శిక్షకుడి దగ్గరికి వెంట తీసుకువెళ్లండి. లైసెన్సు వచ్చాక డీలరు దగ్గర తుపాకీని భుజానికి ఆనించి చూసి, వెనక కర్ర మీ చేతి పొడవుకు సరిపోయేదే ఎంచుకోండి. చేతికి పొడవైన తుపాకీతో ఇరుకు గదిలో గురి కుదరదు. పెట్టెలకు పెట్టెలు కొనకుండా నాలుగో నంబరు, బీబీ కార్ట్రిడ్జీలు కొద్దికొద్దిగా తీసుకుని, చెవులకు రక్షణ పెట్టుకుని రేంజిలో మీ నట్టింటి కొలత దూరంలో, బహుశా నాలుగు మీటర్లలో, పెద్ద కాగితం మీద ఒక్కొక్కటి పేల్చి చూడండి. కాగితం వెనక ఒక పాత తలుపు చెక్క, దాని వెనక కొంత ఎడంగా ఒక రేకు నిలబెట్టమని రేంజివారిని అడగండి. రేకు మీద ఎన్ని పెల్లెట్లు తగిలాయో, ఎన్ని దాన్ని దాటాయో మీ కళ్లతో లెక్కపెట్టుకున్న తరువాతే మీ ఇంట్లో ఉంచే కార్ట్రిడ్జీ నంబరు ఖాయం చేసుకోండి.